పదకొండు సెకన్లు

రైలు టికెట్టు వాళ్లదే.
లె లోక్ల్ స్టేషన్ బయట మంచు తోస్తున్న మనిషి
నా బూట్లు చూసి నవ్వాడు, ఊరికి కొత్త అనుకుని.
కొత్త కాదు. ఇది పద్నాలుగోసారి.
ప్రతిసారీ కరిగిన జున్ను, తెల్ల వైను,
కిటికీ నిండా ఫర్ చెట్లు,
వెళ్లేటప్పుడు చేతికో గడియారం:
"ఆరు వారాలు పెట్టుకోండి. తొందరేం లేదు."

తొందరేం లేదన్న మాటలో
ఎంత తొందర ఉంటుందో
ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు.

గడియారం అందంగా ఉంది. అది అబద్ధం కాదు.
డయలు నీలం,
తెల్లవారకముందు నూషాతెల్ సరస్సు మీద
ఐదు నిమిషాలు మాత్రమే నిలిచే నీలం.
ఇది రాశాను, అచ్చయింది.

రాయనిది ఒకటుంది.
రాత్రి వంటింట్లో, కాఫీ గిన్నె పక్కన,
రేడియో గంటతో సరిచూసి చీటీ మీద వేసుకున్నాను:
రోజుకు పదకొండు సెకన్లు వెనక.
మర్నాడూ పదకొండే. ఆ మర్నాడు పన్నెండు.
పెట్టెలోని కాగితం మీద మాత్రం
"రెండుకు మించదు" అని ఉంది, బంగారు అక్షరాల్లో.

పదకొండు సెకన్లంటే ఎంత?
అర విఘడియకు ఒక సెకను తక్కువ.
ఒక తుమ్ము, దాని వెనక ఒక దీవెన.
ఎవరి రైలూ తప్పిపోదు.
ఇలా నాకు నేనే నచ్చజెప్పుకుంటుంటే
నా గొంతు నాకే ప్రకటనలా వినిపించింది.

"పదకొండు సెకన్లు వెనక" అని కొట్టాను.
తీసేసి "కాస్త నిదానం" అన్నాను.
అదీ తీసేసి
"తనదైన వ్యక్తిత్వం గల యంత్రం" అన్నాను.
ఎడిటర్ తిబో ఆ వాక్యం కింద గీత గీసి
బాగుందన్నాడు.
ఎదుటి పేజీ నిండా అదే గడియారం ప్రకటన.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు.
నేను లెక్కపెట్టాను.
లెక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్లో ఫ్లరియే నుంచి ఉత్తరం వచ్చింది.
ఒడిల్ గ్రాంజాన్.
ముప్పైయేడేళ్లు గడియారాల నడక దిద్దిన చెయ్యి,
ఒక్క కొట్టివేత లేదు.
"మీ వ్యాసం చదివి మా తమ్ముడు అది కొన్నాడు.
రోజుకు పదకొండు సెకన్లు వెనకబడుతోంది.
పావుగంట పని, సరిచేశాను.
మీరు ఆరు వారాలు పెట్టుకున్నానని రాశారు.
మీకు తెలిసే ఉంటుంది కదా?"
అంతే. కోపం లేదు.
ఆ ప్రశ్నగుర్తు కింది చుక్క
మరమేకు తలంత చిన్నది.

జవాబు రాయలేదు. ఆ శనివారం
బియెన్‌లో సేకరణదారుల విందుకు వెళ్లాను.
గాస్పార్ అనే పళ్ల డాక్టరు
పట్టుగుడ్డ విప్పి పాత గడియారం చూపించాడు.
డయలుకు ఎవరో మళ్లీ రంగు వేశారు;
ఆరు అంకె పైన ఒక అక్షరం వంకర.
బల్ల చుట్టూ పదిమందిమి, అందరికీ కనిపించింది.
అందరం ఆహా అన్నాం.
కాకి పిల్ల కాకికి ముద్దు, సరే,
మరి పక్క కాకులకేమైంది?
ఎవరి గుడ్డలో ఏం మూటగట్టి ఉందో
ఎవరికి వాళ్లకు తెలుసు.

నా మణికట్టు మీదిది నేను కొనుక్కున్నదే,
మూడు నెలల జీతం పోసి.
ఇందులో ఎవరి జున్నూ లేదు, ఎవరి టికెట్టూ లేదు.
అయినా పన్నెండేళ్లలో ఒక్కసారీ
రేడియో పక్కన పెట్టలేదు.
వారానికోసారి ముల్లు వెనక్కి తిప్పేదాన్ని,
పిల్లాడి మూతి తుడిచినట్టు.
దానికి తప్పు అని పేరు పెట్టలేదు.

నిన్న రాత్రి పెట్టాను.
రోజుకు నలభై సెకన్లు ముందు.

ఒడిల్‌కి ఒక్క మాట రాశాను: తెలుసు.
రెండో వాక్యం ఇంకా దొరకలేదు.
తిబోకి కూడా ఒకటి పంపాలి,
సవరణ, రెండు పంక్తులు,
పక్కన ప్రకటన లేని పేజీలో వేయమని.
పత్రిక ముందేసుకుని
అలాంటి పేజీ ఒకటైనా ఉందా అని
తిరగేస్తూ కూర్చున్నాను.